రెండో క్లినిక్ తెరిచే ముందు

చి. సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. మరో రెండు చోట్ల క్లినిక్‌లు తెరుస్తున్నావని, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. కానీ పేరు చెప్పడం తర్వాతి సంగతి. నా ఉద్యోగమంతా హాస్పిటళ్ల కంప్యూటర్ విభాగాల్లోనే గడిచింది. క్లినిక్ పెరిగినప్పుడు ముందు దెబ్బతినేది సర్వర్లు కాదు, పేషెంటు రికార్డు. అందుకే ప్లాన్ అక్కడి నుంచే మొదలుపెట్టు.

ఇప్పుడు రిసెప్షన్ ఒక్కటే కాబట్టి అక్కడ కూర్చునేవాళ్లకు వచ్చే మనుషులు గుర్తు. మూడు చోట్లయితే ఆ గుర్తు పనికిరాదు. అదే మనిషి ఒకచోట పూర్తి పేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో రెండుసార్లు నమోదవుతాడు. పెన్సిలిన్ పడదన్న మాట ఒక ఫైల్లో ఉంటుంది, మందు రాసే డాక్టరు ముందు రెండో ఫైలు తెరిచి ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే. కాబట్టి మూడు చోట్లకీ కలిపి మనిషికి ఒకటే నంబరు ఉండాలి, అదీ సిస్టమే ఇవ్వాలి. ఆ నంబరులో బ్రాంచి కోడ్ ఇరికించొద్దు, పేషెంట్లు బ్రాంచి మారుతుంటారు. ఫోన్ నంబరునే గుర్తింపుగా వాడొద్దు. ఒకే ఫోన్ ఇంటిల్లిపాదిదీ కావచ్చు, రేపు మారిపోనూ వచ్చు. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ మూడింటితో వెతికాకే కొత్త రికార్డు తెరవాలని కట్టడి పెట్టు.

అయినా డూప్లికేట్లు వస్తాయి. వాటిని కలిపే అధికారం ఒకరిద్దరికే ఇవ్వు. కలిపినదాన్ని మళ్లీ విడదీయగలమా అని కంపెనీని గట్టిగా అడుగు. ఇద్దరు వేర్వేరు మనుషుల రికార్డులు పొరపాటున ఒకటైతే అది డూప్లికేట్ కన్నా ప్రమాదం.

రెండోది, నీ డేటా నీ చేతికి తిరిగి రావడం. డెమోలో స్క్రీన్లు అందరివీ బాగానే ఉంటాయి. సంతకం పెట్టకముందే, ఒక నమూనా పేషెంటు రికార్డు మొత్తాన్ని బయటికి తీసి ఇమ్మని అడుగు. డాక్టరు నోట్సు, అలర్జీలు, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ రావాలి. పీడీఎఫ్‌ల కట్ట ఇచ్చి ఇదే డేటా అంటే ఒప్పుకోకు, దాన్ని ఇంకో సిస్టమ్ చదవలేదు. ఒక సిస్టమ్ డేటాను ఇంకోటి చదవగలిగేలా రికార్డులకు ఫైర్ (FHIR), స్కాన్ ఇమేజ్‌లకు డైకామ్ (DICOM), ల్యాబ్ పరీక్షల పేర్లకు లోయింక్ (LOINC) అనే ప్రమాణాలు ఉన్నాయి. వాటిలో ఇస్తారా అని అడుగు. వ్యాధులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే ఐసీడీ కోడ్‌లలో ఐసీడీ-11 2022 జనవరిలో అమల్లోకి వచ్చినా చాలాచోట్ల ఐసీడీ-10 ఇంకా నడుస్తోంది. అందుకని కోడ్‌తో పాటు అది ఏ వెర్షనో కూడా రాసి ఉంచాలి. ల్యాబ్ విలువ పక్కన యూనిట్ తప్పనిసరి. గ్లూకోజ్ ఒక ల్యాబ్‌లో 6, ఇంకో ల్యాబ్‌లో 108 అని వస్తే రెండూ ఒకటే. మొదటిది లీటరుకు మిల్లీమోల్స్, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాములు.

సర్వర్ల గురించి అంత టెన్షన్ పడకు. సరిగ్గా కట్టిన మామూలు డేటాబేస్ ఒక్కటే పదుల క్లినిక్‌లను మోస్తుంది. యాభై బ్రాంచీలు వస్తాయని ఊహించి ఇప్పుడే డబ్బు పోయకు. ఇమేజ్‌లు మాత్రం వేరుగా ఉంచు. సీటీ స్కాన్‌లో 512×512 పిక్సెళ్ల స్లైస్ (ఒక్కో పొర బొమ్మ) ఒక్కటి దాదాపు అర ఎంబీ. అంటే 300 స్లైస్‌ల స్కాన్‌కు 150 ఎంబీ. రోజుకు ఇలాంటివి 20 అయితే 3 జీబీ. దాన్ని రికార్డుల డేటాబేస్‌లోనే పెడితే బ్యాకప్‌లు రాత్రికి పూర్తికావు.

99.9 శాతం సిస్టమ్ నడుస్తుందని కంపెనీ చెబితే, ఏడాదికి ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదన్నమాట. అది ఓపీ వేళలో ఆగితే ఏం చేస్తారు? ఆ రోజు వచ్చే పేషెంట్ల అలర్జీలు, వాడే మందుల జాబితా ప్రతి క్లినిక్‌లో నెట్ లేకున్నా తెరుచుకునేలా ఉండాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) వచ్చి, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆస్పత్రులను నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టుల్లో మూడో వంతు ట్రస్టుల పనులకు అంతరాయం కలిగించింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్లు వేసే బాధ్యత ఎవరిదో పేరు రాసి పెట్టు. బ్యాకప్ కాపీ ఒకటి నెట్‌వర్క్‌కు అందని చోట ఉండాలి. మూడు నెలలకోసారి దాన్ని వేరే మెషిన్‌లో నిజంగా తెరిచి చూడాలి, అలా తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

లాగిన్ ఎవరిది వాళ్లకే. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఎవరు ఏ రికార్డు చూశారో ఎప్పటికీ తేలదు.

ముందు ఒక్క క్లినిక్‌లోనే మొదలుపెట్టి, మొదటి రెండు వారాలు అపాయింట్‌మెంట్లు తగ్గించుకో. కంపెనీ ఇచ్చిన ఒప్పందం కాపీ సంతకానికి ముందే నాకు పంపు. కాంట్రాక్టు ముగిశాక డేటా ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో, ఎంత రుసుముతో ఇస్తారో రాసిన పేజీ ముందుగా చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న