బెల్లీ డ్యాన్స్ నేర్చుకునేవాళ్లు ఎవరిని చూడాలి, ఎవరిని వినాలి?

మీరు అడిగినవి రెండు. బెల్లీ డ్యాన్స్ చరిత్రలో తప్పక చూడాల్సిన డ్యాన్సర్లు ఎవరనేది ఒకటి. ఎనిమిది లెక్కపెట్టుకుంటూ చేస్తున్నా స్టెప్పు పాట మీద ఎందుకు కూర్చోవడం లేదనేది రెండోది. నా దృష్టిలో రెండింటికీ జవాబు ఒకటే. డ్యాన్సర్ల పేర్లు మాత్రమే పోగేసుకుంటే ఈ కళ పట్టుబడదు. ఎవరి వెనక ఎవరు వాయించారో చూసుకుంటూ వెళ్లాలి.

ఈజిప్టులో దీన్ని రక్స్ షర్కీ అంటారు, తూర్పు నాట్యం అని అర్థం. బెల్లీ డ్యాన్స్ అన్నది ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరుకి ఇంగ్లీషు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన తర్వాత అమెరికాలో ఆ పేరు పాకిపోయింది. అంతకుముందు కైరోలో పెళ్లిళ్లలో, పెద్దింటి వేడుకల్లో పాడుతూ ఆడిన ఆడవాళ్లని అవాలిమ్ అనేవారు. 1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా ప్రభుత్వం బహిరంగంగా ఆడేవాళ్లని కైరో నుంచి దక్షిణాదికి వెళ్లగొట్టింది. మన కళావంతుల చరిత్ర తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు: ఆట కావాలి, ఆడేవాళ్లు మాత్రం ఊళ్లో ఉండకూడదు.

ఇవాళ మనం స్టేజీ మీద చూసే రూపం బదియా మసబ్నీ దగ్గర మొదలైంది. ఆమె 1926లో కైరోలో సొంత హాలు తెరిచింది. అంతకుముందు ఇరుకు చోట్లలో నలుగురైదుగురు వాయిద్యగాళ్ల ముందు దాదాపు నిలుచున్న చోటే ఆడేవారు. పెద్ద స్టేజీ వచ్చేసరికి దాన్ని నింపడానికి నడక కావాల్సి వచ్చింది, చేతులు పైకి లేచాయి, తిరుగుళ్లు చేరాయి. వాద్యబృందం కూడా పెరిగింది.

ఆ హాలు నుంచి వచ్చినవాళ్లే తహియా కారియోకా, సామియా గమాల్. ఇద్దరి పాత సినిమా డ్యాన్సుల్ని ఒకసారి సౌండ్ తీసేసి పక్కపక్కనే చూడండి. తహియా రెండడుగుల చోటు దాటదు. బరువంతా కిందికి దించి, ఒక్క తుంటిని చిన్నగా, తీరిగ్గా తిప్పుతుంది. సామియా స్టేజీ అంతా తనదే అన్నట్టు కదులుతుంది. చేతులు, మెడ, పలచటి మేలిముసుగు అన్నీ ఆడతాయి. ఇప్పుడు సౌండ్ పెట్టండి. సామియా చాలా సినిమాల్లో ఆడింది ఫరీద్ అల్ అత్రాష్ సంగీతానికి. ఆయన ఊద్ అనే తీగవాద్యం వాయించడంలో గొప్పవాడు. ఆ పాటల్లో గొంతు ఆగినచోట వయొలిన్లు అందుకుంటాయి, ఆమె తిరుగుడు సరిగ్గా అక్కడ మొదలవుతుంది. కొత్తవాళ్లు ఆ తిరుగుడు ఒక్కటే కాపీ కొట్టి, వయొలిన్లు లేనిచోట పెడతారు. అందుకే అది అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

ఇంకో డ్యాన్సర్ నయీమా అకేఫ్‌ది సర్కస్ కుటుంబం. ఆ ఒడుపు ఆమె ఒంట్లో కనబడుతుంది. మహమూద్ రెదా 1959లో పెట్టిన బృందం జానపద అడుగుల్ని స్టేజీకి తెచ్చింది. సయీదీ, అంటే దక్షిణ ఈజిప్టు, కర్ర నాట్యం నేర్చుకోవాలనుకుంటే ఆ బృందంలోని ఫరీదా ఫహ్మీ ఆడినవి చూడండి, వాటికి అలీ ఇస్మాయిల్ కట్టిన సంగీతం వినండి.

ఇక మీ రెండో ప్రశ్న. మీరు ఎనిమిది అంకెలు లెక్కపెడుతున్నారు గానీ దుమ్ అనే బరువైన దెబ్బ ఎక్కడ పడుతోందో వినడం లేదు. ఈజిప్టులో తబ్లా అంటే మన తబలా కాదు. ఎడమ తొడ మీద పెట్టుకుని వాయించే, నడుం సన్నగా ఉన్న ఒంటి డోలు. మధ్యలో కొడితే దుమ్, అంచున కొడితే తెక్. ఎనిమిది గడులు వేసుకుంటే మక్సూమ్ అనే తాళం ఇలా ఉంటుంది: 1 దుమ్, 2 తెక్, 4 తెక్, 5 దుమ్, 7 తెక్. మూడు, ఆరు, ఎనిమిది ఖాళీ. రెండో గడిలో తెక్ బదులు దుమ్ పెడితే బలదీ. మక్సూమ్‌లోనే నాలుగో గడి దుమ్ చేస్తే సయీదీ. అంటే ఒక్క దెబ్బ మారితే ఊరే మారిపోతుంది! మల్ఫూఫ్ ఇంకా తేలిక: 1 దుమ్, 4 తెక్, 7 తెక్. 3+3+2 అని చప్పట్లు కొట్టండి. డ్యాన్సర్ స్టేజీ మీదికి పరుగున వచ్చేది దీనికే.

రోజూ పది నిమిషాలు డ్యాన్స్ చేయకుండా కుడి చేత్తో తొడ మీద దుమ్, ఎడమ చేత్తో తెక్ వేయండి. అది నిలబడ్డాక దుమ్ పడినప్పుడల్లా తుంటిని కిందికి దించండి, తెక్‌లు వదిలేయండి. ఫోన్ స్పీకర్లో మాత్రం సాధన చేయొద్దు. దాంట్లో లోతైన శబ్దం రాదు, తెక్ ఒక్కటే మిగులుతుంది, మీరు దాన్నే మొదటి దెబ్బ అనుకుంటారు. చాలామంది లయ తప్పేది ఇక్కడే. తాళాలు విడివిడిగా వినడానికి ఈజిప్టు డోలు వాద్యకారుడు హొసామ్ రమ్జీ రికార్డింగులు బాగుంటాయి.

తాళం తర్వాత వాయిద్యం. తబ్లా సోలోకి తుంటి, నాయ్ అనే వేణువుకీ వయొలిన్‌కీ చేతులు, ఛాతీ. కానూన్ అనే వాద్యం తీగలు గలగలమని వణికితే షిమ్మీ, అంటే ఒళ్లు వేగంగా వణికించడం. అకార్డియన్ ఒంటరిగా మొదలెడితే అది బలదీ అనే ఆట (పైన చెప్పిన తాళం పేరే దీనికీ ఉంది). తాళం వచ్చేదాకా అడుగు వేయకండి, బరువు మార్చుకుంటూ నిలబడండి చాలు.

దీనికి నాకు తెలిసిన మంచి పాఠం సుహైర్ జకీ. ఈజిప్టు మహాగాయని ఉమ్ కుల్సూమ్ పాటలకి ఆడిన తొలి డ్యాన్సర్‌గా ఆమెకి పేరు. 1964లో మహమ్మద్ అబ్దుల్ వహాబ్ స్వరపరిచిన ఉమ్ కుల్సూమ్ పాట ‘ఎంత ఒమ్రీ’ కచేరీలో దాదాపు గంట సాగేది. డ్యాన్సర్లు ఎక్కువగా తీసుకునేది అందులోని పొడవాటి వాద్య ప్రారంభాన్ని. అక్కడ ఎలక్ట్రిక్ గిటార్ వినిపిస్తుంది. కైరోలో ఆ వాద్యాన్ని నిలబెట్టినవాళ్లలో ఒమర్ ఖుర్షీద్ పేరు గుర్తుపెట్టుకోండి. సుహైర్ ఆ సంగీతం మీద ఏదీ విసరదు. పదబంధం పూర్తయ్యేదాకా ఆగి, చివర ఒక్క చిన్న తుంటి దెబ్బతో ముడివేస్తుంది. దానికి భిన్నంగా నజ్వా ఫుఆద్ పెద్ద ఆర్కెస్ట్రాతో, నాటకంలాంటి ప్రవేశాలతో ఆడింది. ‘ఖమర్ అర్బాతాషర్’ని అబ్దుల్ వహాబ్ ఆమె కోసమే స్వరపరిచాడు. నాకు సుహైరే ఎక్కువ ఇష్టం. నేర్చుకునేవాళ్లకి కూడా ఆమే మేలు, ఎందుకంటే ఆమె చేసేది గది మధ్యలో నిలబడి చేసుకోవచ్చు.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి మఖామ్‌లు, అంటే మన రాగాల్లాంటి అరబ్బు స్వరవరసలు, పట్టుకోవడం కష్టం కాదు. స్వరస్థానాల వరకు కుర్ద్ మన తోడి, నహావంద్ కీరవాణి, హిజాజ్ వకుళాభరణం, హిజాజ్ కార్ మాయామాళవగౌళ. ‘ఎంత ఒమ్రీ’ కుర్ద్‌లో ఉంది. గమకాలు వేరు కాబట్టి తోడి అని వెంటనే తట్టదు, రెండుసార్లు స్వరాలు పాడి చూసుకోండి. చిక్కంతా రాస్త్, బయాతీలతో. రాస్త్ గాంధారం మన సాధారణ, అంతర గాంధారాల నడుమ ఎక్కడో పడుతుంది. మొదటిసారి వింటే అపశ్రుతి అనిపిస్తుంది, కానీ ఆ పాటల రుచి అక్కడే ఉంది. ఆ స్వరం కోసం ఈజిప్టు అకార్డియన్ వాద్యకారులు రీడ్లనే సవరించి శ్రుతి మార్చుకున్నారు. మామూలు కీబోర్డు మీద వాయించిన కవర్లలో అది పోతుంది, కాబట్టి సాధనకి అసలు రికార్డింగే తీసుకోండి.