ఇంగ్లండ్ కథీడ్రళ్లలో ఆరాధన చప్పగా ఉంటుందా? ఒక రిటైర్డ్ అయ్యగారి జవాబు

ఇంగ్లండ్ కథీడ్రళ్లలో, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చిల్లో, జనం నోరు తెరవరట, పాటల బృందమే అంతా పాడేస్తుందట, మన తెలుగు చర్చిల ఆరాధన ముందు అది ప్రాణం లేనిదేగా అని అడిగారు. ప్రశ్నలోనే జవాబు పెట్టేశారు కాబట్టి నేను రెండో పక్షం వహిస్తాను.

నేను సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) ప్రెస్బిటర్‌గా, అంటే అయ్యగారిగా, చేసి రిటైరయ్యాను. 1947లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘం), మెథడిస్టు తదితర సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడినా మా ఇంట్లో తాతల నాటి ఆంగ్లికన్ అలవాట్లు, ముఖ్యంగా అచ్చు పుస్తకం చూసి ప్రార్థన చేయడం, పోలేదు. పుస్తకం చూసి చేసేది ప్రార్థనే కాదనేవాళ్లతో నాకు చిన్నప్పటి నుంచీ పేచీయే. పుస్తకం లేకుండా చేసేవాళ్లు కూడా ప్రతి వారం అవే నాలుగు మాటలు తిప్పి తిప్పి చెబుతారు, కాకపోతే గట్టిగా చెబుతారు.

రిటైరయ్యాక నాకొచ్చిన కష్టం వేరే. ఏ చర్చికి వెళ్లినా కుదురుగా కూర్చోలేను. మైకు సరిగా ఉందా, పాఠం చదివే అబ్బాయి వచ్చాడా, కానుక సంచి ఎవరు పడుతున్నారు, బుర్రంతా ఇదే టెన్షన్. బలిపీఠం దగ్గర నిలబడడం అలవాటైనవాడికి బెంచీలో కూర్చోవడం రాదు.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌లో ఉంటాడు. అక్కడి నుంచి డర్హమ్ రైల్లో పావుగంట దూరం. బండి స్టేషన్ చేరగానే ఎదురుగా కొండ మీద కథీడ్రల్ కనబడుతుంది. 1093లో పునాది వేశారు. లోపల స్తంభాలు ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు, కొన్నింటి మీద వంకర గీతలు, కొన్నింటి మీద గళ్లు. వెనకవైపు నేల మీద నల్లరాతి గీత ఒకటి ఉంది. సన్యాసులున్న కాలంలో ఆడవాళ్లు ఆ గీత దాటి ముందుకు రాకూడదట. మాతో వచ్చిన మా వియ్యపురాలు ఆ సంగతి విని, కావాలని ఆ గీత మీద చెప్పుతో రెండుసార్లు అటూ ఇటూ దాటి, "మగాళ్లు ఎక్కడైనా ఒకటే అన్నయ్యగారూ" అంది. ఆవిడ పెంతెకోస్తు మనిషి. డప్పు లేనిదే ఆవిడకు ఆరాధన మొదలైనట్టు ఉండదు.

మామూలు పనిరోజు సాయంత్రం, ఈవెన్‌సాంగ్, అంటే బృందం పాడే సాయంకాల ఆరాధన. మమ్మల్ని బృందం పక్కనే చెక్క పీటల్లో కూర్చోబెట్టారు. ఎదురెదురుగా రెండు వరుసలు, ముందు పిల్లలు, వెనక పెద్దవాళ్లు. ఒక బుడ్డాడు ఆవులింత ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తన వంతు రాగానే పుస్తకం దించి ఎత్తుకున్న గొంతు ఉంది చూశారూ, నేను ఇన్నేళ్లు చెప్పిన ప్రసంగాలన్నీ దాని ముందు దండగ.

1549 ప్రార్థన పుస్తకంలో అప్పటి ఇంగ్లండ్ ఆర్చిబిషప్ క్రాన్మర్, సన్యాసుల సాయంకాల, రాత్రి ప్రార్థనల్ని కలిపి ఈ క్రమం కట్టాడు. కీర్తనలు, పాత నిబంధన పాఠం, మరియమ్మ పాట, కొత్త నిబంధన పాఠం, సుమెయోను పాట. 150 కీర్తనలూ ఉదయం, సాయంత్రం చొప్పున నెల రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాయి. 15వ తేదీ సాయంత్రం వచ్చేది 78వ కీర్తన ఒక్కటే, అయినా డెబ్బైకి పైగా వచనాలు. పాడేవాళ్ల అవస్థ ఊహించుకోండి. మేం వెళ్లింది 28వ తేదీ, 137వ కీర్తన వచ్చే రోజు, అదే, బబులోను చెరలో ఉన్నవాళ్లు పరాయి గడ్డ మీద దేవుని పాట ఎలా పాడతామని ఏడ్చేది. అక్షరాలన్నీ ఒకే స్వరం మీద నడిపించి, పాదం చివర మాత్రం మెల్లగా మార్చి దింపుతారు. ఒక వరుస ఆపితే ఎదుటి వరుస అందుకుంటుంది.

సగంలో మా వియ్యపురాలు నా చెవిలో, "మనం పాడేదెప్పుడు?" అంది. మనం వినడమేనమ్మా అన్నాను. కాసేపు ఊరుకుని, ఆఖరి ప్రార్థన అవగానే "ఆమేన్! స్తోత్రం!" అని గట్టిగా అనేసింది. ఆ రాతి కప్పు కింద అది ఎంతసేపు మోగిందో! మా అబ్బాయి తల దించుకున్నాడు. వెండి కర్ర పట్టుకుని ముందు నడిచే చర్చి ఉద్యోగి, వర్జర్ అంటారు, ఆయన మాత్రం, బయటికి వచ్చేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్లీ రండి అన్నాడు.

నాకు ఆ ముప్పావుగంటలో మైకు గుర్తు రాలేదు, సంచి గుర్తు రాలేదు. ఎవరూ నన్ను చేతులెత్తమనలేదు, పక్కవాళ్లతో ఫలానా మాట చెప్పమనలేదు. మన తరఫున ఇంకొకరు పాడుతుంటే దాని కింద కూర్చోవడం కూడా విశ్వాసమే. అసలు విశ్వాసంలో ఎక్కువ భాగం అదేనని నా గట్టి నమ్మకం, వాదించదలచుకున్నవాళ్లు వాదించుకోండి.

అలాగని మనం ఇంగ్లీషువాళ్లలా పాడాలని కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు 19వ శతాబ్దంలోనే పల్లవి, చరణాలతో కట్టిపెట్టారు. ఇప్పుడు కీబోర్డు అబ్బాయికి రాగం అక్కర్లేదు, బటన్ నొక్కితే రిథమ్ వస్తుంది, మైకులో ఎకో పెడితే మాట ఒక్కటీ అర్థం కాదు. మీరు ప్రాణం అంటున్నది చాలాచోట్ల కరెంటు.

జెరూసలేం ప్యాకేజీల మీద కూడా నాకు కోపమే. యొర్దాను నీళ్ల సీసాలు, ఒంటె మీద ఫోటోలు. ముందు డోర్నకల్ వెళ్లండి, కాజీపేట, విజయవాడ లైన్లోనే జంక్షన్. అక్కడి ఎపిఫనీ కథీడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు మీనార్లు, గుమ్మటాలు కలిసి ఉంటాయి. కట్టించింది అజరయ్య బిషప్‌గారు, 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్. తిరునల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. 1939లో ప్రతిష్ఠ జరిగింది. అక్కడ కూర్చుని ఎవరైనా మైకు లేకుండా కీర్తన ఎత్తుకుంటే వినండి.

ఇంగ్లండే వెళ్తానంటే ఆగస్టు వద్దు. సెలవుల్లో సొంత బృందాలు ఉండవు, బయటివాళ్లు వచ్చి పాడతారు. చూడడానికి టికెట్ పెట్టిన కథీడ్రళ్లలో కూడా ఆరాధనకు డబ్బు తీసుకోరు. మా వియ్యపురాలు లాంటివాళ్లు ఉంటే మాత్రం వెనక వరుసలో కూర్చోండి.