విశాఖలో అద్దె ఇంటికి చలికాలం ముందు ఏమేం చేయించాలి?

మీరు చికాగోలో ఉంటున్నారు, అమ్మగారి నుంచి వచ్చిన పెదవాల్తేరు డాబా ఇంటిని రెండు వాటాలుగా అద్దెకిచ్చారు. అక్కడ చలికాలానికి ముందు పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా చూసుకుంటారు కదా, ఇక్కడ ఏం చేయించాలి, ఆ ఖర్చు ఎవరిది అని మీ ప్రశ్న. నేను ఎంవీపీ కాలనీలో కింద ఉంటూ పై వాటా చాలా ఏళ్ళుగా అద్దెకిస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

పైపుల గురించి టెన్షన్ పడకండి. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకున్న రోజున కూడా మన ఊళ్ళో స్వెట్టర్ వేసుకునేది తెల్లవారుజామున బీచ్‌కి నడకకి వెళ్ళేవాళ్ళే. ఇక్కడ ఇంటిని పాడుచేసేవి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే తుపాను వానలు, ఏడాది పొడవునా కొట్టే ఉప్పుగాలి. కాబట్టి పని సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టించండి. దసరా, దీపావళి రోజుల్లో మేస్త్రీ దొరకడు, దొరికినా వాన పని సాగనివ్వదు.

ముందు మేస్త్రీని డాబా ఎక్కించండి. నీళ్ళు దిగే గొట్టాల నోళ్ళ దగ్గర ఆకులు, పాత సిమెంటు పెచ్చులు తీయించి, రెండు బకెట్లు పోసి కిందకి ఎంత వేగంగా దిగుతున్నాయో చూడమనండి. పిట్టగోడ మీద పూలకుండీలు ఉండకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో ఒక ఖాళీ నీళ్ళ ట్యాంకు ఎగిరి వేరే వాళ్ళ కారు మీద పడింది. తుపాను హెచ్చరిక వస్తే ట్యాంకు నిండా నింపి ఉంచమని అద్దెకున్నవాళ్ళకి ఇప్పుడే చెప్పండి. కరెంటు పోతే మోటారు ఆడదు, ఆ నీళ్ళే వాడుకోవచ్చు.

నా అనుభవంలో ఎక్కువ గొడవ కిటికీలతోనే. మన దగ్గర గాలివాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. అల్యూమినియం స్లైడింగ్ కిటికీల కింది పట్టాలో, బయటి వైపు, నీళ్ళు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. సముద్రం ఇసుక, దుమ్ము కలిసి అవి పూడిపోతే పట్టా నిండి నీళ్ళు గదిలోకి వస్తాయి. గోడ చెమ్మెక్కిందని అద్దెవాళ్ళు ఫోన్ చేస్తారు, మనం పై కప్పు కారుతోందనుకుని వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళని పిలుస్తాం. పాత టూత్‌బ్రష్, సన్నని తీగ ఉంటే ఆ కన్నాలు శుభ్రమవుతాయి. రబ్బరు బీడింగ్ గట్టిపడి ఉంటే మార్పించాలి, ఫ్రేముకీ గోడకీ మధ్య సందుల్లో సిలికాన్ పెట్టించాలి. సముద్రం వైపు కిటికీలతో ఆపకండి. హుద్‌హుద్ రోజున మధ్యాహ్నం గాలి కాసేపు ఆగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి అందుకుంది. పొద్దున నిలిచిన అద్దాలు అప్పుడు పగిలాయి.

ఇక చలికి సంబంధించింది ఒక్కటే, గీజర్. వేసవంతా ఊరికే ఉండి నవంబర్‌లో ఒక్కసారిగా ఆన్ అవుతుంది. ఎర్తింగ్ ఉందా, ప్రెజర్ వాల్వ్ పనిచేస్తోందా, 16 ఆంపియర్ల సాకెట్ నల్లబడిందా అన్నవి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీ బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. బోరు నీళ్ళయితే ఎలిమెంట్ మీద సున్నం గారలా కడుతుంది, అది కూడా తీయించాలి. బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం ఆలోచించకుండా తీయించేయండి. చలి అని కిటికీ మూసి స్నానం చేస్తారు, గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు, ఏం జరుగుతోందో తెలిసేలోపే మనిషి పడిపోతాడు. గ్యాస్‌దే కావాలంటే గది బయట, గాలి ఆడే చోట బిగించాలి.

ఖర్చు ఎవరిదన్నారు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి నమూనాగా ఇచ్చిన అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, గోడలు, పైపులు, వైరింగ్ ఇంటివాళ్ళ బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, కిటికీ అద్దాలు, ఆఖరికి గీజర్ రిపేరు కూడా అద్దెకున్నవాళ్ళది. ముందు మీ అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారో చూడండి. నేనైతే గీజర్, కిటికీలు రెండూ నా ఖర్చే అనుకుంటాను. ప్రాణం మీదకి వచ్చే వస్తువుని వాళ్ళే చేయించుకుంటారులే అని వదిలేస్తే, ఎవరూ చేయించరు.

గ్రిల్స్‌కి రంగు, సన్‌షేడ్ కింద పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వ బయటపడ్డ చోట రిపేరు, ఇవి వానలకి ముందు హడావిడిగా చేయించొద్దు. తడిగాలిలో తుప్పు మీదే రంగు పడుతుంది, ఏడాదికి మళ్ళీ పొంగుతుంది. జనవరి, ఫిబ్రవరిలో గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు తుప్పు పూర్తిగా గీకించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేశాకే ఎనామిల్ వేయించండి. చువ్వ కనిపిస్తున్న చోట పైపైన పుట్టీ పూసి వెళ్ళిపోయే మేస్త్రీకి డబ్బులివ్వకండి. వదులైన కాంక్రీటు కొట్టేసి, చువ్వ శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా పూత వేశాకే మళ్ళీ పూడ్చాలి.

సంక్రాంతికి రెండు వాటాల వాళ్ళూ ఊళ్ళకి వెళ్తారు. బోర్డులో గీజర్ ఎంసీబీ స్విచ్ దింపి, ట్యాంకు నుంచి వచ్చే వాల్వ్ కట్టేసి, మీ తరఫున ఇల్లు చూసేవాళ్ళ ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని వెళ్ళమని డిసెంబర్‌లోనే మెసేజ్ పెట్టండి.