సెమీ క్రిస్మస్ ఫొటో ఎవరు తీస్తారు?

"యూనివర్సిటీల్లో క్రైస్తవ విద్యార్థులకు తమ విశ్వాసం గురించి మాట్లాడే స్వేచ్ఛ ఉందా? ఎవరైనా అడ్డుకుంటారా?" అని అడిగారు. శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో ఉండి రెండేళ్లు పీజీ చదివాను. నేను చూసినంతలో అడ్డుకున్నవాళ్లు తక్కువ. మా నోరు మేమే నొక్కుకున్నాం.

డిసెంబర్‌లో సెమీ క్రిస్మస్ చేసుకుంటామని వార్డెన్ సార్‌ని అడిగాం. "మేడ మీద చేసుకోండి, మైకు వద్దు, ఎనిమిదికల్లా దిగిపోవాలి" అన్నారు. చవితికి గేటు దగ్గర మూడు రోజులు మైకు మోగింది కదా సార్ అందామనుకున్నాను, అనలేదు. అలాగని చవితి కుర్రాళ్ల మీద నాకేం కోపం లేదు. ఆ పందిరి సీరియల్ లైట్లు తెచ్చి మేడ మీద కట్టింది వాళ్లే. కేకు దగ్గర ముందు నిలబడిందీ వాళ్లే.

కేకు కోశాక గ్రూప్ ఫొటో అన్నాం. అప్పటిదాకా పాతికమందిమి గొంతెత్తి పాడాం. ఫోన్ బయటికి తీసేసరికి సగం మందికి పనులు గుర్తొచ్చాయి. ఒకడు చేతులు కడుక్కోడానికి దిగాడు. ఇంకొకడికి ఇంటి నుంచి ఫోనొచ్చింది, మోగకుండానే. మరో ఇద్దరు నా ఫోన్ కోసం కొట్టుకున్నారు. "నాను తీస్తాన్రా, నువ్వెళ్లి నిలబడు." "నీకేటొచ్చురా తియ్యడం, ఇలా ఇయ్యి." తీసేవాడు ఫొటోలో పడడు కదా! ముందు వరసలో ఛాతీ విరుచుకుని నిలబడింది సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర గిరిజన కుర్రాళ్లు. వాళ్ల పక్కన నేను.

ఎందుకో మావైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. దళితుడు క్రైస్తవుడైతే మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు. ఎస్సీలకు రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. ఎస్టీలకు మతంతో పేచీ లేదు, అందుకే సవర కుర్రాళ్లకి ఫొటో అంటే బెదురు లేదు. మా నాన్న మొండిగా బీసీ-సీ రాయించాడు కాబట్టి నాకూ లేదు. ఆ మొండితనానికి నేను సీటు కోసం ఎంత తిరిగానో అది వేరే కథ. మిగతావాళ్లు సర్టిఫికెట్‌లో హిందువులు, ఆదివారం క్రైస్తవులు. ఎవడైనా ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే స్కాలర్‌షిప్ పోతుందని టెన్షన్. అలాంటివాణ్ణి స్టేజీ ఎక్కి నీ విశ్వాసం గురించి మాట్లాడమంటే ఏం మాట్లాడతాడు? వాళ్లని దొంగలనేవాళ్లు ఒక్కటి చెప్పండి, బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో వాడి పేట మారిందా?

చట్టం కాగితం మీద బాగానే ఉంది. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. కేరళలో జాతీయగీతం వస్తుంటే మర్యాదగా నిలబడి, పాడకుండా ఊరుకున్న యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ చిన్నప్పరెడ్డి. మన రాజ్యాంగం సహనాన్ని పాటిస్తుంది, దాన్ని పలచన చేయొద్దన్నారు.

మావాళ్లూ తక్కువేం కాదు. పరీక్ష హాలు బయట హాల్‌టికెట్ వెతుక్కుంటున్నవాడి చేతిలో కరపత్రం పెట్టి నరకం గురించి చెప్తే నాకే ఒళ్లు మండుతుంది. ఇక క్లాసు వాట్సాప్ గ్రూపులో బియ్యం మూట కోసం మతం మారామని మమ్మల్ని "రైస్ బ్యాగ్" అనేవాళ్లకు ఒకటే మాట: మా ఇంటికి బియ్యం రేషన్ డిపో నుంచే వచ్చేవి, మీకు లాగే.

అడిగినవారు ఎక్కడైనా చేరబోతుంటే, పర్మిషన్ ఉత్తరం రాసివ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. మేం నోటిమాటతో సరిపెట్టుకున్నాం. మరుసటేడు కొత్త వార్డెన్ వచ్చి "కిందటేడు మీకెవరిచ్చారు పర్మిషన్?" అని అడిగితే చూపించడానికి మా దగ్గర ఆ ఫొటో తప్ప ఏమీ లేదు.