వాటా వేరు, చూసుకోవడం వేరు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. నాలుగో ఏట తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పెళ్లి కాలేదు. అమ్మ, నేను, ఇద్దరన్నయ్యల కుటుంబాలు ఒకే ఇంట్లో ఉంటాం. ఆ ఇల్లు నాన్న తన సంపాదనతో కట్టారు. కిందటేడు వీలునామా రాయకుండానే పోయారు. పైన ఇంకో అంతస్తు వేయడానికి లోను కావాలని, నా వాటా వదులుకుంటున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయమని పెద్దన్నయ్య అడుగుతున్నాడు. "నిన్ను జీవితాంతం చూసుకునేది మేమే కదా" అంటాడు. మా మావయ్య అయితే "ధృతరాష్ట్రుడంతటివాడికే రాజ్యం దక్కలేదు, నీకు వాటా ఏంటమ్మా" అని నవ్వాడు. చిన్నప్పుడు నా పాఠాలన్నీ క్యాసెట్లలో చదివి రికార్డు చేసిపెట్టింది పెద్దన్నయ్యే. ఆయన మాట కాదనలేకపోతున్నాను. మొన్న ఆయన కూతురికి పెళ్లిచూపులైతే నన్ను పొద్దున్నే పక్కింటికి పంపేశారు. నా జీతం ఏటీఎం కార్డు కూడా వదిన దగ్గరే ఉంటుంది. నేను అనవసరంగా బాధపడుతున్నానా?

జవాబు: అనవసరంగా కాదమ్మా. మీరు రాసిన మూడు సంగతులూ ఒక్కచోటికే వస్తున్నాయి. మీ ఇల్లు, మీ జీతం, చివరికి మీరు ఏ పూట ఏ ఇంట్లో కూర్చోవాలన్నది కూడా మిమ్మల్ని అడక్కుండానే తేల్చేస్తున్నారు. అందులో ప్రేమ లేదని నేను అనను. ప్రేమ ఉన్నచోట ఇది ఇంకా సులువుగా జరిగిపోతుంది.

ముందు ఆస్తి సంగతి. మీ నాన్నగారిది స్వార్జితం, వీలునామా లేదు. కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి, ఇద్దరన్నయ్యలకి, మీకు తలా ఒక పాలు, నాలుగూ సమానం. (మీ కుటుంబానికి ఆ చట్టమే వర్తిస్తుందనుకుని రాస్తున్నాను. క్రైస్తవులకు, ముస్లింలకు పాళ్ల లెక్క వేరు.) మావయ్యగారు ఆ మాట ఊరికే గాల్లోంచి తీయలేదు. పాత ధర్మశాస్త్రాల్లో పుట్టుకతో చూపు లేనివారికి, చెవులు వినపడనివారికి, ఇంకా కొందరికి ఆస్తిలో పాలు లేదనే ఉండేది. 1928లో వచ్చిన ఒక చట్టం దాన్ని చాలావరకు తీసేసింది. 1956 నాటి వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ మిగిలినది కూడా తుడిచేసింది. జబ్బు వల్ల గానీ, అవయవ లోపం వల్ల గానీ ఎవరి వారసత్వమూ పోదని అందులో స్పష్టంగా ఉంది. మావయ్యగారు చాలా ఆలస్యంగా నవ్వారు.

ఇక 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ఆస్తి కలిగి ఉండటం, వారసత్వంగా పొందడం, తన డబ్బు వ్యవహారాలు తనే చూసుకోవడం, బ్యాంకులో లోను తీసుకోవడం, వీటన్నిటిలో మీకు అందరితో సమానమైన హక్కు ఉందని 13వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీకు సాయం చేసే మనిషికి ఫలానా ఆస్తి వ్యవహారంలో సొంత లాభం ఉండి, అది మీ ప్రయోజనానికి ఎదురు వస్తే, ఆ ఒక్క వ్యవహారం వరకు ఆయన సాయం చేయకుండా పక్కకు తప్పుకోవాలి. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అనుమానించకూడదని కూడా చట్టమే అంటుంది. కానీ ఇక్కడ అనుమానంతో పని లేదు. మీరు వదులుకుంటే వాటా పెరిగేది అన్నయ్యలకే. అందుకే, చిన్నప్పుడు మీకు పాఠాలు చదివి వినిపించిన అన్నయ్య ఈ కాగితం చదివి వినిపించకూడదు. ఆయన మోసం చేస్తారని కాదు. రేపు మీ ఇద్దరి మధ్య మాట వస్తే, "ఆరోజు నువ్వు చదివింది ఇది కాదు" అని మీరు అనుకునే అవసరం రాకూడదు.

మరి ఎవరు చదవాలి? వీలైతే మీరే. స్కూల్లో స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) వాడుతూనే ఉంటారు కదా. ఒక చిక్కు మాత్రం ఉంది. మన దగ్గర చాలామంది దస్తావేజు లేఖరులు ఇంకా 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలోనే టైపు చేస్తారు, అలాంటి ఫైలు స్క్రీన్ రీడర్‌లో అర్థంపర్థం లేని శబ్దాల్లా వినిపిస్తుంది. ప్రింటు తీసి ఫొటో పంపితే తెలుగు అక్షరాలను సాఫ్ట్‌వేర్ తప్పుగా చదవొచ్చు, సర్వే నంబర్లలో, గజాల లెక్కల్లో తప్పు పడితే మీకు తెలియను కూడా తెలియదు. స్క్రీన్ రీడర్ సరిగ్గా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలే కావాలని గట్టిగా అడగండి. పక్కన లాభనష్టాలు లేని మనిషి ఒకరిని, తోటి టీచరైనా సరే, లాయరైనా సరే, అచ్చుకాపీ పైకి చదవమనండి. రెండూ ఒకటేనా అని సరిచూసుకోండి.

వేలిముద్ర సంగతి కూడా. స్కూలు రిజిస్టర్లో రోజూ సంతకం పెట్టే మనిషిని దస్తావేజు మీద వేలిముద్ర ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటోతోపాటు అందరి వేలిముద్రలూ తీసుకుంటారు, అది వేరే సంగతి. సంతకం చేయగల మనిషి సంతకమే చేయాలి. ఇంటి వాటా వదులుకునే కాగితం రిజిస్టర్ కాకపోతే చెల్లదు, రిజిస్ట్రేషన్ అయిపోతే మాత్రం వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పలుకుబడి వాడి రాయించుకున్నారని కోర్టుకు వెళ్లొచ్చు, నిజం తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. కానీ సొంత అన్న మీద ఆ కేసు మీరు వేస్తారా? వేయలేరు. అందుకే ఇప్పుడే ఆగమంటున్నాను. విడుదల దస్తావేజు, అంటే వాటా వదులుకునే ఆ కాగితం, వద్దు. "అయితే జీపీఏ ఇవ్వు చాలు" అని ఎవరైనా అంటే, అంటే మీ తరఫున ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారం రాసివ్వమంటే, అదీ వద్దు.

అన్నయ్యకు లోను నిజంగానే అవసరం కావచ్చు. ఆయన దగ్గరికి "వద్దు" అన్న ఒక్క మాటతో వెళ్లకండి, వేరే దారులు చేతిలో పెట్టుకుని వెళ్లండి. నలుగురూ కలిసి భాగపంపకాల దస్తావేజు రాసుకుని, కింద మీకో గది, వంటిల్లు, బాత్రూం ఉన్న భాగం మీ పేరున, పైన కట్టుకునే హక్కు ఆయన పేరున పెట్టుకోవచ్చు. లేదంటే మీరు సహయజమానిగా లోను కాగితాల మీద సంతకం చేయొచ్చు, కానీ వాయిదాలు ఆగితే మీ వాటాకూ ముప్పే అని తెలిసి చేయాలి. మీకు నిజంగా మీ తర్వాత ఆ వాటా అన్నయ్య పిల్లలకే చెందాలని ఉంటే వీలునామా రాయండి. చూపు లేనివారు రాసిన వీలునామా చెల్లుతుంది, తాము ఏం రాస్తున్నామో తెలిసి ఉంటే చాలని చట్టంలోనే ఉంది. ఇద్దరు సాక్షులు కావాలి. మీరు బతికున్నంత కాలం దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. విడుదల దస్తావేజుతో ఆ వీలు లేదు.

మీ ఉత్తరంలో మీరు అడగకుండా అడిగిన ప్రశ్న ఇంకొకటుంది. ఇంత చేసిన అన్నయ్యకు వాటా ఇవ్వకపోతే నేను కృతఘ్నురాలిని కానా అని. ఆ క్యాసెట్ల రుణం నిజమే. దాన్ని తేలిక చేయను. కానీ అప్పట్లో ఆయన ఇంటి వాటా కోసం చదవలేదు. ఇప్పుడు మీరు దానికి ధర కడితే ఆయన చేసిన పని చిన్నదైపోతుంది. చూసుకోవడం సంగతీ అంతే. ఇన్నేళ్లుగా మీ జీతం ఆ ఇంటికే వెళ్తోంది కదా, మరి ఎవరు ఎవర్ని చూసుకుంటున్నట్టు? ఇంట్లో తన పేరున వాటా ఉన్న అరవై ఏళ్ల మేనత్తకు ఆ ఇంట్లో ఉండే మర్యాద ఎలా ఉంటుందో, ఏమీ లేని మేనత్తకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. "అన్నయ్యా, నువ్వు చేసింది మర్చిపోను. వాటా వదులుకోను. ఈ రెంటికీ సంబంధం లేదు" అని అమ్మ కూడా ఉన్న పూట నెమ్మదిగా చెప్పండి. ఆయన అలగొచ్చు. అలగనివ్వండి.

పెళ్లిచూపుల రోజు సంగతికి ఏ సెక్షన్‌లోనూ మందు లేదు. బయట పదిమందిలో వైకల్యం ఉన్న మనిషిని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు శిక్ష వేసే సెక్షన్ ఉంది. సొంతింట్లోంచి మెల్లగా, "కాస్త అక్కడ కూర్చో, అలసిపోతావ్" అని పంపేస్తే దాన్ని ఎవరు విచారిస్తారు? వాస్తవంగా వాళ్లకున్న భయం, వచ్చినవాళ్లు వంశంలో ఏదో ఉందనుకుంటారని. మీకు చూపు పోయింది తట్టు వల్ల. అది వంశంలో వచ్చేది కాదు, ఆ ముక్క వదినకు ఎవరూ చెప్పి ఉండరు, చెప్పండి. ఒకవేళ వంశంలో వచ్చేదే అయినా దాచడం వల్ల ఏం ఒరుగుతుంది? పెళ్లయ్యాక మేనత్త ఉందని తెలిసిన రోజు, ఇంకేం దాచారోనని వాళ్లు వెతుకుతారు. దాని భారం మోసేది ఆ పిల్లే. కాబట్టి అన్నయ్యతోనో వదినతోనో కాదు, నేరుగా మేనకోడలితో మాట్లాడండి. ఈ కాలం పిల్లలు చాలాసార్లు పెద్దవాళ్లకంటే తొందరగా సర్దుకుంటారు. "ఈసారి వచ్చినప్పుడు నేను ముందు గదిలోనే ఉంటాను, నా ఉద్యోగం ఏంటో నేనే చెప్తాను" అనండి. ఆ సంబంధం మీ వల్ల తప్పిపోయిందని ఎవరైనా అంటే, అంత సంకుచితమైన ఇంటికి పిల్లను పంపకుండా కాపాడారనుకోండి.

కార్డు గురించి ఎక్కువ రాయను. వెళ్లి తీసుకోండి, పిన్ మార్చండి. ఇంటి ఖర్చుకు నెలకు ఇంతని మీ ఫోన్ నుంచి మీరే పంపండి. చూపు లేనివారికి చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్, లాకరు అన్నీ అందరిలాగే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. ఎవరైనా గుమాస్తా "జాయింటు అకౌంటు చేసుకోండి" అని నసిగితే ఆ మాట గుర్తుచేయండి.

ఇంట్లో మాట సాగకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళగా ఒకసారి, వికలాంగురాలిగా ఇంకోసారి, రెండు విధాలా మీకు అక్కడ లాయరు ఉచితం, జీతం ఎంతైనా సరే. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి రాజీ చేయిస్తారు, ఆ రాజీ కోర్టు డిక్రీతో సమానం. వెళ్లేముందు ఒక పని చేయండి. నాన్నగారు పోయాక తహసీల్దారు ఆఫీసులో తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కాపీ తెప్పించి, అందులో మీ పేరు ఉందో లేదో ఎవరిచేతనైనా చదివించుకోండి. పెళ్లి కాని చెల్లెలి పేరు, అందులోనూ చూపు లేని చెల్లెలి పేరు, అక్కడ "పొరపాటున" జారిపోవడం నేను చాలాసార్లు చూశాను. లేకపోతే మొదటి దరఖాస్తు దానికే పెట్టండి.