స్మార్ట్ సిటీల నిర్మాణంలో సాంకేతిక ప్రమాణాలు ఏం చేస్తాయి?

వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకొని కలిసి పనిచేసేలా చూడటమే ఈ ప్రమాణాల ముఖ్యమైన పని. స్మార్ట్ విద్యుత్ మీటర్లనే తీసుకుంటే, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రూపొందించిన ఐఎస్ 16444 అనే ప్రమాణం మీటరుకు ఉండవలసిన లక్షణాలను, పరీక్షలను నిర్ణయిస్తుంది. మీటరు రీడింగులను ఏ పద్ధతిలో పంపాలో ఐఎస్ 15959 చెబుతుంది. దీనివల్ల విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఏ తయారీదారు నుంచైనా మీటర్లు కొనగలుగుతుంది. ఇలాంటి ఉమ్మడి నియమం లేకపోతే నగరపాలక సంస్థ ఒకే విక్రేత సాఫ్ట్‌వేర్‌కు, విడిభాగాలకు, అతడు చెప్పిన ధరకు ఏళ్ల తరబడి కట్టుబడిపోతుంది. ఖర్చయ్యేది ప్రజాధనం కాబట్టి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

వీధిదీపాలు, నీటి సరఫరా, గాలి నాణ్యత వంటి వేర్వేరు విభాగాల సెన్సార్లను ఒకే వేదిక మీదికి తేవడానికి వన్‌ఎంటుఎం అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలోని స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ దీని ఆధారంగానే ప్రయోగాలు చేస్తోంది. నగరాల పనితీరును పోల్చడానికి 2019లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 37122 సూచికలు ఉపయోగపడతాయి. అయితే టెండరు పత్రంలోనే ప్రమాణాన్ని తప్పనిసరి చేసి, పరికరాలను స్వీకరించే ముందు పరీక్షించకపోతే ఈ ప్రయోజనాలేవీ నగరానికి దక్కవు.