ఫెర్గూసన్ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ ఎందుకు పడిపోయింది? తప్పంతా మోయెస్‌దేనా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఏళ్ళ తరబడి ఉన్న గొప్ప మేనేజర్ వెళ్ళిపోతే ఆ కుర్చీలోకి ఎవరొచ్చినా ఫెయిలవడం ఖాయమా అన్నది ఒకటి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌లో 2013లో మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ దిగిపోయాక, ఆ కుర్చీలోకి డేవిడ్ మోయెస్ బదులు ఇంకొకరు వచ్చి ఉంటే క్లబ్బు నిలబడేదా అన్నది రెండోది. రెండింటికీ నా జవాబు ‘కాదు’ అనే. ఆ వేసవిలో క్లబ్బు ఒక మనిషిని మార్చింది. ఆ మనిషి ఒంటి చేత్తో చేస్తూ వచ్చిన పనులు ఇకమీద ఎవరెవరు చేస్తారన్నది మాత్రం తేల్చలేదు. నా దృష్టిలో అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ రోజుల్లో నేను మాంచెస్టర్‌లోనే ఉన్నాను. చదువుకుంటూ, ట్రాఫోర్డ్ పార్క్‌లో ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. అక్కణ్ణుంచి యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫోర్డ్ నడిచిపోయేంత దూరం. మా షిఫ్ట్ చూసుకునే పెద్దాయనకి మా నాన్న వయసుంటుంది. అక్కడ స్ట్రెట్‌ఫోర్డ్ ఎండ్ అనే స్టాండ్‌లో ఆయనకి సీజన్ టికెట్ ఉండేది, అంతకుముందు వాళ్ళ నాన్నకీ ఉండేదట. ఇండియాలో టీవీలో చూసి నేను అభిమానినయ్యాను. అభిమానం అంటే ఎలా ఉంటుందో ఆయన్ని చూశాకే తెలిసింది. టీ బ్రేక్‌లో ఆయన చెప్పిన విషయాలే ఈ జవాబులో చాలావరకు ఉన్నాయి.

ఫెర్గూసన్ 1986 నవంబర్ 6న వచ్చారు, 2013 మేలో దిగిపోయారు. 38 ట్రోఫీలు, అందులో 13 లీగ్ టైటిళ్ళు. ఇవి అందరికీ తెలిసిన లెక్కలే. ఆయన రోజూ చేసే పనేమిటన్నది మాత్రం బయటివాళ్ళకి అంతగా తెలియదు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో విజిల్ పట్టుకుని డ్రిల్స్ చేయించేది ఎక్కువగా ఆయన అసిస్టెంట్లే. చివరి ఏళ్ళలో ఆ పని రెనే మ్యూలెన్‌స్టీన్, మైక్ ఫీలన్ చూసుకునేవారు. ఫెర్గూసన్ మాత్రం పక్కన నిలబడి చూసేవారు. ఎవడు అలిసిపోయాడు, ఎవడికి ఇంట్లో టెన్షన్ ఉంది, ఎవడికి ఇక ఆకలి చచ్చిపోయింది అని చూస్తూ ఉండేవారు. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, యూత్ టీమ్‌లో ఏ కుర్రాడిని పైకి తేవాలి, ఏ ఏజెంటుని గుమ్మం తొక్కనివ్వాలి అన్నవన్నీ ఆయన టేబుల్ మీదకే వచ్చేవి. 1995లో ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్ ముగ్గురినీ ఒకే వేసవిలో పంపేసి, అకాడమీ కుర్రాళ్ళతో మరుసటి ఏడాదే లీగూ కప్పూ రెండూ కొట్టారు. అంత ధైర్యం చెయ్యాలంటే యజమానులు, బోర్డు, అభిమానులు అందరూ ఆయన మాటను నమ్మాలి. ఆ నమ్మకం ఆ పదవికి పుట్టింది కాదు, ఆయనకి పుట్టింది. అదే పేరు, అదే గది, అదే జీతం ఇంకొకరికి ఇచ్చినంత మాత్రాన ఆ నమ్మకం వాళ్ళకి బదిలీ కాదు.

ఆ ఏడాది జరిగిన అసలు దెబ్బ ఇంకోటి ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా సరిగ్గా అదే వేసవిలో తప్పుకున్నారు. తాను వెళ్ళిపోతున్నట్టు ఆయన ఫిబ్రవరిలోనే ప్రకటించారు. ఫెర్గూసన్ ఎవరు కావాలో చెబితే, వాళ్ళ క్లబ్బుతో మాట్లాడి తెచ్చేది గిల్. ఆయన స్థానంలో వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ వ్యాపార ఒప్పందాల వైపు నుంచి వచ్చిన మనిషి. ఆటగాళ్ళ కొనుగోళ్ళ బాధ్యత తన మీద పడడం అదే మొదటిసారి. అంటే కొనేవాడూ కొత్తే, కోరేవాడూ కొత్తే. ఆ వేసవిలో ఫాబ్రెగాస్ పేరు వినబడింది, థియాగో పేరు వినబడింది, హెర్రేరా పేరు వినబడింది. చివరికి ఆటగాళ్ళని కొనుక్కునే గడువు (విండో) మూసే రోజు రాత్రి ఫెలైని ఒక్కడు వచ్చాడు, 2.75 కోట్ల పౌండ్లకి. అతని కాంట్రాక్టులో అంతకంటే తక్కువ ధరకి వదిలేసే క్లాజు జూలై చివరిదాకా ఉంది. అది గడువు దాటిపోయాక ఎక్కువ డబ్బిచ్చి కొన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

మోయెస్ వైపు నుంచి జరిగినది కూడా చెప్పాలి. ఆయన తన పాత క్లబ్బు ఎవర్టన్ నుంచి తన మనుషుల్ని తెచ్చుకున్నారు: స్టీవ్ రౌండ్, జిమ్మీ లమ్స్‌డెన్, గోల్‌కీపర్లకి క్రిస్ వుడ్స్. అటు మ్యూలెన్‌స్టీన్, ఫీలన్, ఎరిక్ స్టీల్ వెళ్ళిపోయారు. కొత్త మేనేజర్ తన టీమ్‌ని తెచ్చుకోవడం లోకంలో అంతటా ఉన్నదే, అందులో తప్పేమీ లేదు. కానీ గిల్ లేడు, ఫెర్గూసన్ లేడు, ఈ ముగ్గురూ లేరు. క్లబ్బు ట్రైనింగ్ గ్రౌండ్ కారింగ్‌టన్‌లో పనులు ఎలా నడుస్తాయో తెలిసిన పెద్దతలకాయలన్నీ ఆ కొద్ది నెలల్లోనే గేటు దాటి వెళ్ళిపోయాయి. ఒక్కరినైనా ఉంచుకోమని గట్టిగా పట్టుబట్టే మనిషి క్లబ్బులో అప్పటికి మిగల్లేదు. మా షిఫ్ట్ పెద్దాయనకి మోయెస్ మీద కోపం లేదు. ఆయన బాధంతా దీని మీదే ఉండేది.

దీని ఫలితం ఏమిటో నేను కళ్ళారా చూసిన మ్యాచ్ ఒకటుంది. 2014 ఫిబ్రవరి 9, ఆదివారం, ఫుల్‌హమ్‌తో. ఆ వారం పెద్దాయనకి ఒంట్లో బాగాలేక తన కార్డు నాకిచ్చారు. ట్రామ్ దిగి, క్రికెట్ గ్రౌండ్ పక్కనుంచి వార్విక్ రోడ్ మీద జనంతో పాటు నడిచి, స్ట్రెట్‌ఫోర్డ్ ఎండ్‌లో ఆయన సీటులో కూర్చున్నాను. ఫుల్‌హమ్ అప్పుడు లీగ్ పట్టికలో అట్టడుగున ఉంది. దానికి ఆరోజు మేనేజర్ ఎవరనుకున్నారు? మ్యూలెన్‌స్టీన్. ఏడాది క్రితం దాకా ఇదే జట్టుకి ట్రైనింగ్ ఇచ్చినవాడు. ఎదురుగా నిలబడ్డ ఒక్కొక్కడి బలం, బలహీనత అన్నీ ఆయనకి కొట్టిన పిండి.

పంతొమ్మిదో నిమిషంలో సిడ్‌వెల్ గోల్ కొట్టాడు. ఇక అక్కణ్ణుంచి యునైటెడ్ చేసింది ఒక్కటే పని. బంతి కుడివైపుకి, అక్కణ్ణుంచి పెనాల్టీ బాక్స్‌లోకి గాల్లో క్రాస్. ఫుల్‌హమ్ డిఫెండర్ తలతో బయటికి. మళ్ళీ బంతి ఎడమవైపుకి, మళ్ళీ క్రాస్, మళ్ళీ తలతో బయటికి. ఫుల్‌హమ్ సెంటర్‌లో డాన్ బర్న్ అని తాటిచెట్టంత కుర్రాడు ఉన్నాడు. పది గజాలు ముందుకొచ్చి బంతిని కొట్టి, వెనక్కి నడిచి, మళ్ళీ అదే చోట నిలబడేవాడు. నా ముందు వరుసలో ఒక తాతా, మనవడూ ఉన్నారు. మొదట్లో ప్రతి క్రాస్‌కీ లేచి నిలబడ్డారు. తర్వాత్తర్వాత బంతి అంచు వైపుకి వెళ్ళగానే తాత తల దించుకోవడం మొదలుపెట్టాడు. ఏం జరగబోతోందో ఆయనకి ముందే తెలిసిపోతోంది. ఆ మ్యాచ్‌లో యునైటెడ్ వేసిన క్రాస్‌లు 81 అని తర్వాత లెక్క వచ్చింది. 78వ నిమిషంలో వాన్ పెర్సీ, 80లో కారిక్ గోల్స్ కొట్టి గట్టెక్కించారనుకున్నాం. అదనపు సమయంలో డారెన్ బెంట్ సమం చేసేశాడు. 2-2.

ఆ 81 క్రాస్‌లని చూపించి మోయెస్‌కి ఆట తెలియదని చాలామంది రాశారు. నేను అక్కడ కూర్చుని చూసినది వేరు. ఆ పదకొండు మందిలో చాలామంది తొమ్మిది నెలల క్రితం 11 పాయింట్ల తేడాతో చాంపియన్లు. వాళ్ళకి ఆడటం రాకపోవడం కాదు. కష్టం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలియక, చెప్పిన ఒక్క పనినే పదే పదే చేస్తున్నారు. ఫెర్గూసన్ ఉంటే అరవయ్యో నిమిషంలో ఏదో ఒకటి మార్చేవారు. అది తప్పైనా సరే, సరైనదేనని ఆటగాళ్ళు నమ్మేవారు. ఇక్కడ టచ్‌లైన్ మీద నిలబడ్డ మనిషికి ఆ హోదా ఇంకా రాలేదు.

మోయెస్ ఎక్కడ నిలబడి ఉన్నాడో కూడా చూడండి. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో డగౌట్లు దక్షిణం స్టాండ్ ముందు ఉంటాయి. దానికి ఎదురుగా ఉన్న ఉత్తరం స్టాండ్‌కి 2011లోనే సర్ అలెక్స్ ఫెర్గూసన్ పేరు పెట్టారు. వెనకాల డైరెక్టర్స్ బాక్స్‌లో ఫెర్గూసనే కూర్చుని ఉండేవారు. ఎదురుగా ఆయన పేరు, వెనక ఆయనే. గోల్ పడిన ప్రతిసారీ కెమెరా ఆయన మొహం మీదకి వెళ్ళేది. ఆయన కావాలని ఏ ఇబ్బందీ పెట్టలేదు. చివరి హోమ్ మ్యాచ్ రోజు మైక్ పట్టుకుని, ఇకమీద కొత్త మేనేజర్ వెంట నిలబడటమే మీ పని అని అందరికీ గట్టిగా చెప్పారు. జనం కూడా ఆ మాట చాలాకాలం నిలబెట్టుకున్నారు. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో వెస్ట్ బ్రామ్ 1978 తర్వాత, ఎవర్టన్ 1992 తర్వాత, న్యూకాజిల్ 1972 తర్వాత తొలిసారి ఆ ఏడాదే గెలిచాయి. అయినా స్టాండ్స్‌లో మోయెస్ పేరు మీద పాట పాడుతూనే ఉన్నారు. ఇంకో క్లబ్బులో అయితే అక్టోబర్‌కే గొడవలయ్యేవి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, యునైటెడ్‌కి ఇది కొత్త పాఠం కాకపోవడం. మ్యాట్ బస్బీ 1945 నుంచి 1969 దాకా మేనేజర్‌గా ఉండి దిగిపోయినప్పుడు, క్లబ్బులోనే పెరిగిన 31 ఏళ్ళ విల్ఫ్ మెక్‌గిన్నెస్‌ని కూర్చోబెట్టారు. బస్బీ జనరల్ మేనేజర్‌గా అక్కడే ఉన్నారు. 1970 డిసెంబర్‌కి మెక్‌గిన్నెస్ పదవి పోయింది, బస్బీయే మళ్ళీ మేనేజర్‌గా రావాల్సి వచ్చింది. 1974లో క్లబ్బు రెండో డివిజన్‌కి పడిపోయింది. మళ్ళీ లీగ్ గెలవడానికి 1993 దాకా పట్టింది.

అలాగని ప్రతి క్లబ్బూ ఇలాగే కూలిందా అంటే, లేదు. లివర్‌పూల్‌లో 1974లో బిల్ షాంక్లీ ఉన్నట్టుండి తప్పుకుంటే, ఆయన పక్కనే ఏళ్ళుగా పనిచేసిన బాబ్ పైస్లీని ఎక్కించారు. తొమ్మిదేళ్ళలో ఆరు లీగ్‌లు, మూడు యూరోపియన్ కప్‌లు. మిగిలిన కోచింగ్ బృందం కదల్లేదు. ఆ మధ్య 2024లో అక్కడి మేనేజర్ యుర్గెన్ క్లాప్ విషయంలో కూడా చూశాం. తాను వెళ్తున్నట్టు ఆయన జనవరిలోనే చెప్పేశారు. క్లబ్బు ముందుగా చేసింది కొత్త కోచ్‌ని వెతకడం కాదు. పాత స్పోర్టింగ్ డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్‌ని పెద్ద హోదాలో వెనక్కి రప్పించి, ఆయన చేత స్పోర్టింగ్ డైరెక్టర్‌గా రిచర్డ్ హ్యూస్‌ని తెప్పించి, ఆ తర్వాత ఆర్నె స్లాట్ దగ్గరికి వెళ్ళారు. స్లాట్‌కి ఇచ్చిన పదవి మేనేజర్ కాదు, హెడ్ కోచ్. కొనుగోళ్ళ తలనొప్పి ఆయనది కాదు. ఆ వేసవిలో వచ్చి జట్టులో చేరింది కియెజా ఒక్కడే, అయినా మొదటి సీజన్‌లోనే లీగ్ కొట్టారు. యునైటెడ్ అభిమానిగా ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ పని అంటే అలా చెయ్యాలి.

ఇదొక్కటే మంత్రం అని నేను అనడం లేదు. వెంగర్ 22 ఏళ్ళ తర్వాత 2018లో వెళ్ళేముందు ఆర్సెనల్ కూడా కొత్త అధికారుల్ని పెట్టుకుని, ఎమెరీని హెడ్ కోచ్‌గానే తీసుకుంది. ఏడాదిన్నరకే ఆయన్ని పంపేశారు. పదవిని చిన్నది చేస్తే సరిపోదు, పక్కన పెట్టిన మనుషులు కూడా సరైనవాళ్ళై ఉండాలి.

మన హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్ళకి ఇక్కడ రహీమ్ సాబ్ గుర్తుకు రావాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి దేశం జట్టుకీ కోచ్. ఆయన చేతి కింద సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది. 1963 జూన్‌లో ఆయన పోయారు. ఆ ఖాళీ ఒక కోచ్‌ది కాదు, కనీసం మూడు కుర్చీలది. ఆ బంగారం మళ్ళీ ఇప్పటిదాకా రాలేదు. ఇన్ని పనులు ఒకే మనిషి మీద పెట్టుకున్న సంస్థ, ఆయన ఉన్నప్పుడే కూర్చుని వాటిని పంచుకోవాలి. ఆయన బాగా చేస్తున్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు.

ఇక మోయెస్‌కి ఇంకా టైమ్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదన్నది మిగిలింది. ఆరేళ్ళ కాంట్రాక్టు ఇచ్చి, 2014 ఏప్రిల్ 22న పంపేశారు. అప్పటికి జట్టు ఏడో స్థానంలో ఉంది. మరుసటి ఏడాది యూరప్ పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో ఆడే ఆశ ఎవర్టన్ చేతిలో ఓడిన రోజే పోయింది. నా అభిప్రాయం ఏమిటంటే, కనీసం ఆ వేసవి ఆయనకి దక్కాల్సింది. ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా అందరూ ముప్ఫై దాటేసిన జట్టు అది. దాన్ని ఎప్పటికైనా విప్పి కట్టాల్సిందే. ఆ పని మొదలుపెట్టే అవకాశం కూడా ఆయనకి రాలేదు. టైటిళ్ళు తెచ్చేవాడా అంటే నాకు నమ్మకం లేదు. కానీ ఆయన తర్వాత వాన్ గాల్ వచ్చాడు, మొరీన్యో వచ్చాడు, సోల్షార్, టెన్ హాగ్ వచ్చారు. కప్పులు వచ్చాయి గానీ లీగ్ మాత్రం రాలేదు. అంత పేరున్న వాళ్ళ వల్ల కూడా కానిది మోయెస్ చేతకానితనం అని ఎలా అనగలం? అదే మోయెస్ 2023లో వెస్ట్ హామ్ క్లబ్బుకి యూరప్ టోర్నీ కాన్ఫరెన్స్ లీగ్ గెలిచిపెట్టాడు. ప్రాగ్‌లో ఆ రాత్రి ఆయన ముసలి నాన్నని వెతుక్కుంటూ వెళ్ళి మెడల్ ఆయన మెడలో వేసిన దృశ్యం మీరు వీలైతే చూడండి. ఆయన గురించి మీకున్న అభిప్రాయం కొంతైనా మారుతుంది.